అక్క స్వెటర్ ఉతకాలా, వద్దా?

అక్కో చెల్లెలో పోయాక ఇంట్లో మిగిలే వస్తువుల్లో మనసుని ఎక్కువగా నలిపేది ఖరీదైనదేమీ కాదు. చాలాసార్లు అది అడిగి తెచ్చుకుని తిరిగి ఇవ్వనిది. "రెండ్రోజుల్లో ఇచ్చేస్తానే" అని పట్టుకొచ్చిన స్వెటర్, సగం చదివి పక్కన పడేసిన పుస్తకం, ఒక సాయంత్రం కోసం పెట్టుకుని మర్చిపోయిన చెవిపోగులు. అక్కచెల్లెళ్ల మధ్య వస్తువులు తిరిగే పద్ధతే అది. అడక్కుండా తీసుకోవడం, దాని మీద దెబ్బలాట, నాలుగు రోజులకి మళ్లీ తీసుకోవడం. ఒకరు పోయిన రోజున ఆ వస్తువు ఎవరి దగ్గరుంటే వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఇచ్చేద్దామంటే మనిషి లేదు, ఉంచుకుందామంటే మనసొప్పదు.

ఆ వస్తువుని చెడిపోకుండా దాచడం ఒక పని, అది మనల్ని ఏం చేస్తోందో తెలుసుకోవడం ఇంకో పని అనుకుంటాం. నిజానికి రెండూ ఒకదానికొకటి ముడిపడే ఉంటాయి. వీటిని పురుగులూ తేమా ఎంత పాడుచేస్తాయో, మొదటి నెలల్లో మనసు పెట్టే తొందర కూడా అంతే పాడుచేస్తుంది. మొదటి వారంలోనే అన్నీ ఉతికేయడం, ఉత్తరాన్ని లామినేట్ చేయించడం, నల్లబడ్డ వెండి గొలుసుని తళతళలాడేదాకా తోమడం, ఉన్న బట్టలన్నీ కత్తిరించి దుప్పటి కుట్టించడం. వీటిలో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోలేం. అందుకని మొదటి ఏడాదికి ఒకటే నియమం పెట్టుకోమంటాను: వెనక్కి తీసుకోలేని పని ఏదీ వస్తువుకి చేయొద్దు. ఆరబెట్టండి, చుట్టండి, ఫొటో తీయండి, పక్కన పెట్టండి. అంతవరకే.

ఒక వస్తువు దేనికి గుర్తుగా ఉందో మన ప్రవర్తనే చెప్తుంది. ప్రేమతో దాచుకున్న వస్తువుని వాడతాం, చూపిస్తాం, దాని గురించి మాట్లాడతాం. ఆ శాలువా కప్పుకుని కూర్చుంటాం, ఎవరైనా బావుందంటే "మా చెల్లిది" అంటాం. దుఃఖం నింపుకున్న వస్తువు దగ్గరికి వెళ్తాం, ఏడుస్తాం, తిరిగొస్తాం. కొన్ని నెలలు పోయాక వెళ్లడం తగ్గుతుంది. అపరాధభావం అంటుకున్న వస్తువు తీరు వేరు. అది తాళం వేసిన చోట ఉంటుంది. బయటికి తీయం, కానీ అక్కడుందో లేదో పదేపదే చూసుకుంటాం. వాడలేం, పారేయలేం, ఇంకొకరు ముట్టుకుంటే ఒళ్లు మండుతుంది. ఇల్లు మారేటప్పుడు ఆ ఒక్క సంచీ మాత్రం చేతిలోంచి వదలం. మానసిక వైద్యుడు వామిక్ వోల్కాన్ 1970ల్లో ఇలాంటి వాటికి "లింకింగ్ ఆబ్జెక్ట్" అని పేరు పెట్టారు. పోయిన మనిషికీ మిగిలిన మనిషికీ మధ్య తెగని వ్యవహారమేదో ఉంటే, ఆ వ్యవహారం మొత్తం వచ్చి ఒక వస్తువులో కూర్చుంటుందని ఆయన చెప్పింది. ఒకే స్వెటర్‌లో ఈ మూడూ కలిసే ఉండొచ్చు, చాలాసార్లు ఉంటాయి కూడా. అయితే ఒకరోజు బీరువా తలుపు తీసినప్పుడు మూడింటిలో ఏది చెయ్యి చాపుతోందో గమనించుకోవడం ఉపయోగం. దాన్నిబట్టి ఆ రోజు ఆ వస్తువుకి ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో తెలుస్తుంది.

అక్క పోయిన చెల్లెలి బాధా చెల్లెలు పోయిన అక్క బాధా ఒకలా ఉండవు. అక్కకి "నేను చూసుకోవాల్సింది" అన్నది ముల్లులా దిగబడిపోతుంది. చిన్నప్పుడు చెల్లెల్ని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించిన మనిషికి, కేన్సర్ అయినా సరే అడ్డుపడి ఉండాల్సింది తానే అనిపిస్తుంది. చెల్లెలికి వేరే గండం ఉంటుంది, అది ఏళ్ల తర్వాత వస్తుంది. అక్క పోయిన వయసుని దాటే పుట్టినరోజు. ఆ రోజు నుంచీ ఆమే పెద్దది. అన్నేళ్లూ మామూలుగా వేసుకున్న అక్క ఉంగరం సరిగ్గా ఆ ఏడు వేలికి బరువవుతుంది. ఇంతా ఉన్నా పలకరించేవాళ్లు మాత్రం "అమ్మానాన్న ఎలా ఉన్నారు, నువ్వే ధైర్యంగా ఉండాలి" అంటారు. లోకం లెక్కలోకి తీసుకోని ఇలాంటి దుఃఖానికి దుఃఖం మీద పరిశోధన చేసిన కెన్నెత్ డోకా 1989లో తెచ్చిన పుస్తకంతో "డిసెన్‌ఫ్రాంచైజ్డ్ గ్రీఫ్" అని ఒక పేరే స్థిరపడింది. లెక్కలోకి రాని దుఃఖం వస్తువుల్లో తలదాచుకుంటుంది, ఎందుకంటే మాట్లాడటానికి మనుషులు దొరకరు.

ప్రేమ, దుఃఖం, అపరాధభావం మూడూ ఒక్క ఉత్తరంలో కనిపించాలంటే కాసాండ్రా ఆస్టెన్ రాసింది చూడాలి. నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ 1817 జులై 18న వించెస్టర్‌లో చనిపోయింది. దగ్గరుండి చూసుకున్నది అక్క కాసాండ్రానే. రెండు రోజుల తర్వాత మేనకోడలికి రాస్తూ, తన చెల్లెలు తన జీవితానికి సూర్యుడని చెప్పుకుంది. అదే ఉత్తరంలో, చెల్లెలి మీద ప్రేమతో ఇంకొకరికి తాను అన్యాయం చేశానేమో, నిర్లక్ష్యం చూపానేమో, ఈ దెబ్బ అందుకేనేమో అన్న అర్థం వచ్చేలా కూడా రాసింది. చెల్లెలి జుట్టుపాయలు దాచి దగ్గరివాళ్లకి పంచింది. 1801లో నౌకాదళంలో ఉన్న తమ్ముడు చార్లెస్ శత్రునౌకని పట్టుకున్నందుకు తన వాటాగా వచ్చిన డబ్బుతో అక్కలిద్దరికీ బంగారు గొలుసులూ పుష్యరాగం శిలువలూ కొన్నాడు. రెండు శిలువలూ ఒకే అచ్చువి కావు. చాటన్‌లో వాళ్లున్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం, ఆ జత అక్కడే ఉంది. కాసాండ్రా మాత్రం ముసలితనంలో చెల్లెలి ఉత్తరాల్లో ఎక్కువ భాగం తగలబెట్టేసింది. పరిశోధకులు ఇప్పటికీ దానికి బాధపడుతుంటారు. నాకైతే ఆమె చేసిందాంట్లో తప్పు కనిపించదు. ఏది అందరిదో, ఏది ఇద్దరిదో ఆమె తేల్చుకుంది.

ఇక ఉతకడం సంగతి.

పోయిన మనిషి స్వెటర్ ఉతకాలా వద్దా అన్నది చాలా ఇళ్లలో నిజంగా గొడవయ్యే విషయం. ఒకరు ఉతికేస్తారు, ఇంకొకరు ఏళ్ల తరబడి మాట్లాడరు. ఇందులో మూర్ఖత్వమేమీ లేదు. చంటిపిల్లలు వదలని దుప్పటి ముక్క గురించి 1950ల మొదట్లో రాసిన పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్, తల్లి దాన్ని మురికిగానే ఉండనిస్తుందనీ, ఉతికితే బిడ్డ అనుభవం మధ్యలో తెగిపోతుందనీ గమనించారు. పెద్దవాళ్లకీ అంతే. వాసన మెదడులో భావోద్వేగాల చోటికి దగ్గరి దారిన చేరుతుంది కాబట్టి, ఫొటో చేయలేని పని ఒక మెడపట్టీ చేస్తుంది.

కానీ ఉతక్కుండా వదిలేసిన బట్ట కూడా అలాగే ఉండిపోదు. చెమట, చర్మం నూనె గాలితో కలిసి మెల్లగా పసుపు మరకలవుతాయి. ఉన్ని, పట్టు అయితే ఆ మురికే బట్టచిమ్మటని పిలుస్తుంది. రంధ్రాలు చేసేది ఎగిరే పురుగు కాదు, దాని లార్వా. మెడ, చంక, మడతల లోపలి వైపు ముందు తింటుంది. కాబట్టి అన్నీ ఉతకడం తప్పే, ఏదీ ఉతకకపోవడమూ తప్పే. వాసన కోసం ఒక చిన్న నూలు వస్తువుని ఎంచండి. స్కార్ఫు, దిండు గలీబు, లోపల వేసుకునే బనీను, ఏదైనా. ఉన్నిది వద్దు. తేమ లేకుండా ఒక రోజంతా నీడలో, గాలి తక్కువగా ఆడే గదిలో పరచండి. వాసన కొంచెం పోతుంది, తప్పదు, తడి ఉంటే బూజు వచ్చి మొత్తం పోతుంది. తర్వాత గట్టి మూత ఉన్న గాజు సీసాలో పెట్టి, చీకటిగా చల్లగా ఉన్న చోట ఉంచండి. సోపు, అత్తరు, కలరా ఉండలు ఉన్న అరలో వద్దు. కలరా ఉండల వాసన ఒకసారి పట్టిందంటే ఇంకే వాసనా మిగలదు.

మూత తీసిన ప్రతిసారీ కొంత వాసన ఎగిరిపోతుంది, అది నిజం. అయితే చాలామంది పొరబడేది ఇంకోచోట. బట్టని ముక్కుకి ఆనించుకుని రెండు మూడు నిమిషాలుంటే ముక్కు అలవాటు పడిపోతుంది, వాసన పోయిందనిపిస్తుంది. అక్కడ గుండె ఆగినంత పనవుతుంది. పోయింది వాసన కాదు, మన ముక్కు దాన్ని పట్టుకోవడం మానేసింది. మూత పెట్టి, బయట గాలిలో తిరిగొచ్చి, ఇంకోరోజు చూడండి. ఏళ్ల మీద అది నిజంగానే తగ్గిపోతుంది. ఆ సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది. తగ్గినందుకు మళ్లీ తామే ఏదో తప్పు చేశామని నిందించుకునేవాళ్లు చాలామంది.

మిగతావి ఆ మొదటి ఏడాది దాటాక ఉతకొచ్చు. ముందు తడిపిన తెల్ల గుడ్డని లోపలి కుట్టు మీద అద్ది, రంగు అంటుతోందేమో చూడండి. అంటితే ఆపేయండి. లేకపోతే చల్లటి నీళ్లు, కొద్దిగా మైల్డ్ లిక్విడ్ సబ్బు, నానబెట్టి మెల్లగా అద్దడం. పిండొద్దు. ఉన్నిని తడిమీద వేలాడదీస్తే సాగి మనిషి ఆకారమే పోతుంది. తువ్వాలులో చుట్టి నొక్కి, పరచి ఆరబెట్టాలి. చిమ్మట అనుమానం ఉంటే పాలిథీన్ కవర్లో పెట్టి, గాలి బయటికి నొక్కి, మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో 2 వారాలు ఉంచండి. తీశాక కవర్ వెంటనే విప్పొద్దు. 24 గంటలు అలాగే వదిలితే తేమ కవర్ బయటే పడుతుంది, బట్ట మీద పడదు. దాచేటప్పుడు ఆసిడ్ లేని టిష్యూ కాగితం, దొరక్కపోతే సాఫ్ట్‌నర్ వాడకుండా ఉతికిన తెల్ల నూలు గుడ్డ. మడతల్లో వాటినే చిన్న చుట్టలుగా చుట్టి పెడితే గీత పడి చిరగదు. ఆరు నెలలకోసారి వేరే గీతల మీద మడవండి. చెక్క అరమరల్లో చెక్క నుంచి ఆమ్లపు ఆవిర్లు వస్తాయి, బట్ట నేరుగా తగలకూడదు. పీవీసీ కవర్లు అసలు వద్దు. గోడ మీద ఫ్రేము కట్టించుకోవాలనుకుంటే, మ్యూజియాలు సున్నితమైన బట్టల మీద పడనిచ్చే వెలుతురు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) అని గుర్తుంచుకోండి. కిటికీ పక్క గోడకి దానికి ఎన్నో రెట్లు పడుతుంది, పోయిన రంగు తిరిగి రాదు.

స్వెటర్ మోచేతి దగ్గర ఆమె చేత్తో వేసిన రఫ్ఫు కుట్టు ఉంటే, వంకరగా ఉన్నా, దారం రంగు కలవకపోయినా, దాన్ని విప్పి బాగుచేయించకండి. దర్జీకి ఇచ్చేటప్పుడు నోటితో చెప్పి వదిలేయకుండా, ముట్టుకోకూడని చోట తెల్లదారంతో పెద్ద కుట్టు వేసి గుర్తు పెట్టండి. దర్జీల చెయ్యి వంకర కుట్టు చూస్తే ఊరుకోదు.

నగల విషయం కొంచెం తేలిక. వెండి నల్లబడేది గాలిలోని గంధకం వల్ల. రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ దాన్ని ఇంకా తొందరపెడతాయి. తోమిన ప్రతిసారీ పలచటి పొర పోతుంది, చెక్కిన పేరుంటే అక్షరాల అంచులు అరుగుతాయి. మెత్తటి గుడ్డతో తుడిచి వదిలేయడం మేలు. గొలుసు తెగేది ఎక్కువగా కొక్కెం దగ్గరి చిన్న రింగు దగ్గరే. వేసుకోవడం మొదలుపెట్టే ముందు అది అరిగిందేమో భూతద్దంతో చూపించండి. ఉంగరం సైజు మార్పిస్తే అది ఇంకా ఆమె ఉంగరమే. కరిగిస్తే బంగారం మిగులుతుంది, ఉంగరం పోతుంది. చేతి గడియారంలో బ్యాటరీ ఉంటే, ఆగిపోయాక దాన్ని లోపల వదిలేయకూడదు, కారి మిషన్‌ని తినేస్తుంది. ఆమె పోయిన నెలలకి వాచీ ఆగిపోతే కొందరికి అది రెండోసారి పోయినట్టు ఉంటుంది. ఆ రోజు రాకముందే బ్యాటరీ మార్చుకోవాలో, తీయించి ముళ్లు అలాగే ఉంచుకోవాలో నిర్ణయం తీసేసుకుంటే ఆ దెబ్బ తప్పుతుంది.

ఈ కాలంలో అపరాధభావం ఎక్కువగా నిండిన వస్తువు ఫోన్. ఆమె ఫోన్ కాదు, మనది. అందులో ఎత్తని కాల్ ఒకటుంటుంది, లేదా చదివి జవాబివ్వని మెసేజ్. పాత ఫోన్ మార్చకుండా పగిలిన గాజుతోనే లాక్కొచ్చేవాళ్ల దగ్గర చాలాసార్లు ఇదే కారణం. ఫోన్‌ని కాపాడటం కన్నా అందులోని దాన్ని బయటికి తీయడం ముఖ్యం. కాల్ జాబితాకి, మెసేజ్‌లకి స్క్రీన్‌షాట్ తీయండి. వాట్సాప్ సంభాషణని మీడియాతో కలిపి ఎక్స్‌పోర్ట్ చేయండి. వాయిస్ మెసేజ్‌లని ఒక్కొక్కటిగా విడిగా సేవ్ చేసుకోండి. అవి ఓపస్ అనే ఆడియో ఫార్మాట్‌లో ఉంటాయి. అసలు ఫైలు అలాగే ఉంచి, ఎంపీ3 కాపీ ఇంకోటి చేసుకోండి. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి ఇంటి బయట. గడువులు కూడా ఉన్నాయి: వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకపోతే సాధారణంగా తొలగిపోతుంది. రెండేళ్లు తెరవని వ్యక్తిగత ఖాతాల్ని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి తీసేస్తోంది. ఆమె సిమ్ నంబర్ కొంతకాలానికి వేరెవరికో వెళ్తుంది. ఆమె పేరుతో సేవ్ చేసిన నంబర్ పక్కన ఒకరోజు కొత్త మొహం కనిపిస్తే తట్టుకోవడం కష్టం. నంబర్‌ని కాంటాక్టుల్లోంచి తీసి కాగితం మీద రాసుకోండి. ఆమె ఫోన్ పాస్‌వర్డ్ ఊహించి కొట్టొద్దు, కొన్ని తప్పులకే చాలా ఫోన్లు బిగుసుకుపోతాయి. దాచే ఫోన్‌ని స్విచాఫ్ చేసి, సగం చార్జింగ్‌తో పెట్టి, ఆరు నెలలకోసారి చూడండి. వెనక మూత ఉబ్బితే చార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేయండి.

ఆ ఎత్తని కాల్‌ని ఏం చేయాలన్నది మాత్రం ఫైళ్లు కాపీ చేసినంత తేలిక కాదు. "నీ తప్పేం లేదు" అని పదిమంది చెప్తారు, పనిచేయదు. ఎందుకంటే వాళ్లకి లెక్క తెలియదు, మనకి తెలుసు. పనికొచ్చేది లెక్క వేయడమే. కాగితాన్ని నిలువుగా రెండుగా మడవండి. ఎడమ వైపు: ఆ రోజు, ఆ గంటలో నాకు తెలిసింది. కుడి వైపు: తర్వాత తెలిసింది. "మీటింగ్‌లో ఉన్నాను. ఊసుపోక ఆమె వారంలో నాలుగుసార్లు చేస్తుంది. రాత్రికి చేద్దామనుకున్నాను." ఇది ఎడమ. "ఆ సాయంత్రమే ఆస్పత్రిలో చేర్చారు." ఇది కుడి. కుడివైపు దాంతో ఎడమవైపు మనిషికి శిక్ష వేయకూడదు. జరిగిపోయాక అంతా ముందే తెలిసినట్టు అనిపించే ఈ గుణాన్ని మనస్తత్వ శాస్త్రవేత్త బారుక్ ఫిష్‌హాఫ్ 1975లో ప్రయోగాలతో చూపించారు. అది మనిషి మెదడు తీరే. రెండో పని, ఒక గుండ్రం గీసి కారణాలన్నిటికీ వాటా ఇవ్వడం. జబ్బు, ఆలస్యంగా తెలియడం, వైద్యం, ఆమె సొంత నిర్ణయాలు, మిగతావాళ్లు. మన వాటా చివర్లో. మొదటే మన వాటా గీస్తే గుండ్రమంతా నిండిపోతుంది.

ఒక్కోసారి ఎడమవైపే నిజమైన తప్పు తేలుతుంది. ఆస్తి గొడవలో అనరాని మాట అన్నాం, జబ్బని తెలిసీ వెళ్లలేదు. అలాంటప్పుడు దాన్ని తుడిచేసే ప్రయత్నం వద్దు. జరిగింది పేరు పెట్టి ఆమెకే ఉత్తరం రాయాలి, "కానీ" అన్న మాట లేకుండా. తర్వాత బతికున్నవాళ్లలో ఆమె ఎవరి గురించి బెంగపడేదో వాళ్లకి చేయగలిగింది చేయాలి. తిరిగి ఇవ్వని స్వెటర్ ఆమె కూతురికి ఇవ్వడం అందులో ఒకటి. అడిగి ఇవ్వండి. పిల్లకి వద్దంటే వద్దు, పదేళ్లాగి అడగొచ్చు.

పంపకాల దగ్గర ఒక మాట. ముందు అన్నీ ఫొటోలు తీయండి, తర్వాత ప్రతి ఒక్కరూ తమకి కావాల్సిన మూడు వస్తువులు చీటీ మీద విడిగా రాసి, ఒకేసారి విప్పండి. గొడవ రెండో మూడో వస్తువుల మీదే మిగులుతుంది. ప్రేమకి ఒకటి రెండు వస్తువులు చాలు, గది మొత్తం తాళం వేసి ఉంచమనేది అపరాధభావం. దుప్పటి కుట్టించాలనుకుంటే, అలాంటివి రెండున్న బట్టల్నే కత్తిరించండి. సాగే బట్ట వెనక ఇస్త్రీతో అంటుకునే పలచటి గుడ్డ వేయకపోతే ముక్కలు వంకరపోతాయి. మెడపట్టీ, జేబు, గుండీల వరుస ఉన్న భాగాలు వదిలేయకండి, ఆమె చెయ్యి ఎక్కువ తగిలినవి అవే.

తాళం వేసిన సంచీ చుట్టూనే రోజులు తిరుగుతుంటే, తిండీ నిద్రా పనీ నెలల తరబడి దారిన పడకపోతే, ఇది సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లాల్సిన సంగతి. పెద్దవాళ్లలో ఇంత తీవ్రత ఏడాది దాటాక కూడా ఉంటే అమెరికా మానసిక వైద్యుల సంఘం రోగ నిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం-5-టీఆర్ (2022) దాన్ని దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 ఆరు నెలలకే చూడమంటుంది. దీనికి ప్రత్యేకమైన చికిత్స ఉంది, వస్తువుని వెంట తీసుకెళ్లొచ్చు కూడా. చావాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం నెలలు లెక్కపెట్టొద్దు, ఆ రోజే వెళ్లండి.

దాచిన ప్రతిదానికీ ఒక చీటీ ఉండాలి. పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా తేమకి పాకుతుంది. పిన్ను, స్టేప్లర్, సెలోటేపు వద్దు, తెల్ల నూలుదారంతో గుండీకి కట్టండి. ఎవరిది, ఏ ఏడాది, ఎవరి దగ్గరి నుంచి వచ్చింది, ఉతికారా లేదా, చిరుగు ఎప్పటిది. "తిరిగి ఇవ్వలేదు" అని రాయాలనిపిస్తే అదీ రాయండి. చీటీకి ఫొటో తీసి, వాయిస్ ఫైళ్లు ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టండి.